గురక మిషన్‌కు గాలి ఒత్తిడి ఎంత ఉండాలి?

రాత్రి సీపాప్ మిషన్ పెట్టుకున్నా, పగలు విజయవాడ రోడ్డు మీద బండి నడుపుతూ కునికిపాట్లు పడుతున్నారా? అది ప్రాణానికే ముప్పు. అయినా మీ అంతట మీరే ఒత్తిడి పెంచకండి.

ఈ మిషన్ గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. సాధారణంగా ఒత్తిడి 4 నుండి 20 వరకు పెట్టవచ్చు. ఒకరికి సరిపోయినది మరొకరికి సరిపోదు. తక్కువైతే ఊపిరి ఆగడం తగ్గదు. ఎక్కువైతే గాలి మింగి కడుపు ఉబ్బుతుంది.

ముందుగా మాస్కు పక్కల నుండి గాలి పోతున్నదేమో చూసి, పట్టీలు సరిచేసుకోండి. ఆటో మిషన్ అయితే మీకు కావలసిన ఒత్తిడిని కొన్ని రాత్రుల్లో అదే నమోదు చేస్తుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో కూడా లెక్క చూపుతుంది. అది 5 లోపు ఉండాలి. ఆ లెక్క డాక్టరుగారికి చూపించి ఒత్తిడి సరిచేయించుకోండి. పగటి మత్తు పోయేవరకు బండి నడపకండి.