స్నేహం కూడా నేర్చుకోవలసిన పాఠమే

రెండేళ్ల క్రితం, రంజాన్ పండుగ మరుసటి రోజు, నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, హాస్టల్లో మకాం. షీర్‌ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు: "ఆ మధ్య మూడు రోజులు జ్వరం వచ్చింది సార్. ఫోనులో నాలుగు వందల పేర్లున్నాయి. రాత్రి ఒంటిగంటకు మాత్ర తెచ్చిపెట్టమని ఎవరిని అడగాలో తెలియలేదు. అమ్మీకి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు."

అతని భుజం తట్టాను గానీ, నా మనసు కలుక్కుమంది. పదో తరగతిలో పక్కవాడితో మాట్లాడుతున్నాడని అతన్ని వేరే బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టింది నేనే. "స్నేహాలు తర్వాత, ముందు మార్కులు" అని వాళ్ల నాన్నగారికి చెప్పిందీ నేనే. మార్కులు వచ్చాయి. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను ఆలస్యంగా చెబుతున్న పాఠం.

ఒంటరిగా ఉండటం, ఒంటరితనం ఒకటి కావు

ఒంటరిగా కూర్చుని చదువుకునేవాడు, ప్రార్థించేవాడు ప్రశాంతంగా ఉండవచ్చు. నిండు గదిలో కూర్చున్నవాడు ఒంటరితనంతో కుమిలిపోవచ్చు. రాబర్ట్ వైస్ అనే పండితుడు 1973లోనే ఒంటరితనాన్ని రెండు రకాలుగా చూపించాడు. మనసు విప్పి చెప్పుకునే ఆప్తులు లేకపోవడం ఒకటి. 'నేను వీళ్లలో ఒకణ్ణి' అనుకునే బృందం లేకపోవడం రెండోది. ఒక లోటును మరొకటి తీర్చలేదు. నాలుగు వందల పేర్లున్నా జ్వరం రాత్రి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

బి.ఇడి.లో మేము చదువుకున్న ఎరిక్ ఎరిక్‌సన్ సిద్ధాంతం ప్రకారం, తొలి యవ్వనంలో మనిషి ముందున్న ప్రధాన సమస్య సాన్నిహిత్యమా, ఏకాకితనమా అన్నదే. సరిగ్గా ఈ వయసులోనే మన పిల్లలు ఊరు, ఇల్లు, పాత స్నేహితులను ఒకేసారి వదిలి వెళుతున్నారు. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనం అనుభవిస్తున్నారు. 13 నుంచి 29 ఏళ్లవారిలో ఇది 17 నుంచి 21 శాతం వరకు ఉంది. కనుక యువ మిత్రులారా, ఇది మీ ఒక్కరి లోపం కాదు. సిగ్గుపడవలసిన విషయం అంతకన్నా కాదు.

మదీనా చూపిన పద్ధతి

క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు వలస వచ్చినవారు ఇల్లు, ఆస్తి, వ్యాపారం వదులుకుని వచ్చారు. దైవప్రవక్త (స) వారిని 'అందరూ కలిసి ఉండండి' అని చెప్పి వదిలేయలేదు. ఒక్కొక్క ముహాజిర్‌కు ఒక్కొక్క అన్సారీని సోదరునిగా జతచేశారు. ఎవరికి ఎవరు తోడో పేరుతో సహా తెలిసిపోయింది.

అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సఅద్ బిన్ రబీ (రజి) జత. సఅద్ తన సంపదలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ ఆయనను దీవించి, బజారుకు దారి చూపిస్తే చాలన్నారు. వెన్న, జున్ను అమ్మడంతో మొదలుపెట్టి తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. ఇందులో ఇద్దరికీ పాఠముంది. స్థానికుడు తానుగా ముందుకు రావాలి. కొత్తగా వచ్చినవాడు తన అవసరం ఏమిటో నోరు తెరిచి అడగాలి.

గంటల లెక్క

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పరిచయం మామూలు స్నేహంగా మారాలంటే సుమారు 50 గంటలు, గట్టి స్నేహం కావాలంటే 90 గంటలు, ఆప్తమిత్రులు కావాలంటే 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన అంచనా.

బడిలో రోజుకు అయిదు గంటలు ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలకు 50 గంటలు పది రోజుల్లో నిండుతాయి. ఉద్యోగస్తుడు వారానికి ఒక గంట కేటాయిస్తే దాదాపు ఏడాది పడుతుంది. 'ఈ ఊళ్లో స్నేహితులు దొరకరు' అని రెండు నెలలకే నిరాశపడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. దొరకకపోవడం కాదు, గంటలు నిండలేదు.

ఆచరణ

1. ఒక చోటు, ఒక సమయం ఎంచుకోండి. జుమా నమాజు తర్వాత పది నిమిషాలు, ఆదివారం క్రికెట్, గ్రంథాలయం, రక్తదాన శిబిరం, ఏదైనా సరే. అదే మనుషులను మళ్లీ మళ్లీ చూడటం ముఖ్యం.

2. చిన్న సహాయం అడగండి. 'ఇక్కడ మంచి డాక్టరు ఎవరు?' అన్న ప్రశ్నతో కూడా స్నేహం మొదలవుతుంది.

3. ఒక్కరి బాధ్యత తీసుకోండి. రూమ్‌మేట్ ఏ మతం వాడైనా సరే, 'తిన్నావా?' అని రోజూ అడిగేవారు మీరే కండి.

4. పాత స్నేహితునికి శుభాకాంక్షల బొమ్మ పంపే బదులు ఫోను చేయండి.

5. దిగులు వారాల తరబడి వదలకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెద్దలకు ఒక మాట

మగపిల్లలకు టీ కొట్టు ఉంది, మైదానం ఉంది. పెళ్లయి కొత్త ఊరికి వెళ్లిన అమ్మాయికి అవి లేవు. ఆమె చదువుకున్ననాటి స్నేహితురాళ్లు ఇంటికి వస్తే అత్తమామలు ఆదరంగా తలుపు తీయాలి. కుట్టు తరగతికో, పుస్తక పఠనానికో ఆమె వెళతానంటే పంపాలి.

స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థలకు ఒక విన్నపం. పల్లె నుండి నగరానికి వెళ్లే ప్రతి విద్యార్థికి ఫీజుతో పాటు ఆ నగరంలో ఒక కుటుంబాన్ని జతచేయండి. నెలకు ఒక పూట భోజనం, ఆపదలో ఒక ఫోను నంబరు చాలు. దీనికి నిధులు అక్కరలేదు, మనుషులు కావాలి.

ఇక నా విద్యార్థి సంగతి. మొన్న ఫోను చేశాడు. ముగ్గురితో చనువు పెంచుకోవాలని చూశాడట. ఇద్దరు పట్టించుకోలేదు. మూడో అతను శ్రీకాకుళం కుర్రాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి వంట చేసుకుంటున్నారు. "వాడికి జ్వరం వస్తే రాత్రి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను సార్" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విన్నాను.

ఈ ఏడాది నా తరగతిలో మాట్లాడుకునే పిల్లలను వేరు చేయడం మానేశాను. పాఠం అయ్యాక మాట్లాడుకోమని అయిదు నిమిషాలు ఇస్తున్నాను.