మేస్ 16, కత్తి 14: స్కైరిమ్‌లో నిజంగా ఏది ఎక్కువ డ్యామేజ్ ఇస్తుంది?

పుంగనూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నా దగ్గర ఉండేది ఒకటే డేడ్రా హార్ట్. కత్తి చేసుకునేదా, మేస్ చేసుకునేదా?"

స్కైరిమ్ ఆడినవాళ్లకు ఆ కష్టం తెలుసు. డేడ్రిక్ ఆయుధం ఏది చేయాలన్నా ఒక డేడ్రా హార్ట్ కావాలి, అదేమో అంత సులభంగా దొరకదు. నేను మెనూలో నంబర్లు తలుచుకుని, "మేస్ చేసుకో రా, రెండు పాయింట్లు ఎక్కువ కదా" అనేశాను. నాలుగు రోజులకు మళ్లీ ఫోన్: "అన్నా, దీన్ని తిప్పేలోపే నన్ను రెండు దెబ్బలు కొడతాండారు!"

తప్పు నాదే. 2011లో వచ్చిన ఈ గేమ్ మెనూలో ఆయుధం డ్యామేజ్, బరువు, ధర మాత్రమే కనిపిస్తాయి. వేగం కనిపించదు. కత్తి వేగం 1 అనుకుంటే వార్ యాక్స్‌ది 0.9, మేస్‌ది 0.8. ఇది సెకనుకు ఎన్ని దెబ్బలు అనే లెక్క కాదు, ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రమే.

మా మదనపల్లె టమాటా మార్కెట్‌లో బాక్సు రేటు ఒక్కటే చూసి ఏ రైతూ లెక్క ముగించడు. రేటు ఎంత, ఎన్ని బాక్సులు పోయాయి అని రెండూ గుణిస్తేనే చేతికొచ్చే డబ్బు. ఇక్కడా అంతే: డ్యామేజ్ × వేగం.

ఐరన్ ఆయుధాలు:
కత్తి: 7 × 1 = 7
వార్ యాక్స్: 8 × 0.9 = 7.2
మేస్: 9 × 0.8 = 7.2

డేడ్రిక్ ఆయుధాలు:
కత్తి: 14 × 1 = 14
వార్ యాక్స్: 15 × 0.9 = 13.5
మేస్: 16 × 0.8 = 12.8

చూశారా? ఐరన్ దగ్గర మేస్‌దే కొంచెం పైచేయి. డేడ్రిక్‌కు వచ్చేసరికి కత్తి సుమారు 9 శాతం ముందుంది. కారణం సింపుల్. కత్తికీ మేస్‌కీ తేడా ఎప్పుడూ 2 పాయింట్లే. 7 పక్కన 2 పెద్దది, 14 పక్కన 2 చిన్నది. కానీ వేగంలో 20 శాతం నష్టం మాత్రం ఎక్కడా తగ్గదు. పైగా డేడ్రిక్ కత్తి బరువు 16, మేస్ బరువు 20. బరువు పెరిగేకొద్దీ పవర్ అటాక్‌కు స్టామినా ఎక్కువ పోతుంది.

ఇవన్నీ బేస్ డ్యామేజ్ నంబర్లు. స్కిల్, పర్క్స్ కలిసి మీ మెనూలో ఇంకా పెద్దవి కనపడతాయి. అందుకే మీ నంబర్లను ఫ్రెండ్ స్క్రీన్‌షాట్‌తో పోల్చకండి. ఒకే క్యారెక్టర్ మీద రెండు ఆయుధాలూ పెట్టి చూడండి.

అలాగని మేస్ దండగ కాదు. బోన్ బ్రేకర్ పర్క్ చివరి ర్యాంక్‌లో మేస్ ఎదుటివాడి కవచంలో 75 శాతాన్ని లెక్కచేయదు. బలమైన కవచం వేసుకున్నవాళ్ల మీద మన గుణకారం తిరగబడుతుంది. దొంగచాటుగా కొట్టాలంటే బాకు తీయండి: అసాసిన్స్ బ్లేడ్ పర్క్ ఉంటే 15 రెట్లు. ఐరన్ బాకు 4 × 15 = 60. బ్యాక్‌స్టాబ్ పర్క్ ఉన్నా ఐరన్ కత్తికి 6 రెట్లే, అంటే 42.

ఇదంతా చెప్పాక మావాడు మేస్ అమ్మేయలేదు, బోన్ బ్రేకర్ తీసుకున్నాడు. రెండో హార్ట్ దొరికాక కత్తి చేశాడు. ఇప్పుడు కుప్పంలో చదివే వాడి ఫ్రెండ్‌కు వాడే ఈ లెక్క చెప్తున్నాడు.

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్ ఒక్కటే చూడొద్దని ఇక్కడ ఎన్నిసార్లు అనుకున్నాం! కత్తి కూడా అంతే. పెద్దగా రాసిన నంబర్ చూశాక, రాయని నంబర్ ఏదో వెతకండి.