ధమని, సిర, కేశనాళిక

ధమని అనగానేమి అని పరీక్షలో అడిగినచో మనలో చాలమంది "మంచి రక్తమును మోయు నాళము" అని వ్రాయుదుము. ఈ సమాధానము తప్పు. గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు పుపుస ధమనిలో ప్రవహించునది ప్రాణవాయువు తగ్గిన రక్తమే; తిరిగివచ్చు పుపుస సిరలలోనిది ప్రాణవాయువు నిండిన రక్తము. గుండెనుండి వెలుపలికి గొనిపోవునది ధమని, గుండెకు చేర్చునది సిర. రికార్డు పుస్తకములలో ఎఱ్ఱ, నీలి పెన్సిళ్ళతో మనము గీయు పటములే ఈ పొరపాటుకు కొంత కారణమని నా అభిప్రాయము. సిరలలోని రక్తము నీలము కాదు, ముదురు ఎరుపు.

నిర్మాణమునందలి భేదమునకు మూలము పీడనము. ఆరోగ్యవంతుని గుండె ముడుచుకొన్నప్పుడు పెద్ద ధమనులలో పీడనము సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసము, సడలినప్పుడు 80. ఈ పోటును ఓర్చుటకై ధమని గోడ మందముగా, సాగుగుణము కలిగియుండును. హకీము నబ్జ్ చూచినను, వైద్యుడు నాడి పట్టినను, వ్రేళ్ళక్రింద కొట్టుకొనునది ధమనియే.

సిరలను చేరునప్పటికి ఆ పోటు చాలవరకు నశించును. కనుక సిర గోడ పలుచన, లోపలి మార్గము విశాలము. విశ్రాంతిగా నున్నప్పుడు మన రక్తములో దాదాపు మూడింట రెండు వంతులు సిరలలోనే యుండును. పాదములనుండి రక్తము పైకెక్కుటకు కాలి కండరముల ఒత్తిడి, వెనుకకు జారనీయని కవాటములు తోడ్పడును. ఆ కవాటములు చెడినచో సిరలు ఉబ్బి మెలికలు తిరుగును.

మరి ధమనినుండి సిరకు రక్తము చేరు త్రోవ యేది? గుండె నడిమి గోడలో కంటికి కానరాని రంధ్రములున్నవని గేలెన్ చెప్పగా, అవి లేవనియు, రక్తము ఊపిరితిత్తుల గుండా పోవుననియు 1242 ప్రాంతమున ఇబ్న్ అల్-నఫీస్ వ్రాసెను. పుపుస ధమనికి, సిరకు నడుమ సన్నని మార్గములుండవలెనని కూడ ఆయన ఊహించెను. 1628లో రక్తప్రసరణమును నిరూపించిన హార్వే సైతము ఆ మార్గములను చూడలేదు. 1661లో మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిలో వానిని కనుగొనెను. అవే కేశనాళికలు. వాని గోడ ఒక్క కణపు మందము; ఎఱ్ఱ రక్తకణములు ఒకదాని వెనుక ఒకటిగా దూరిపోవును. ప్రాణవాయువు, ఆహారము కణజాలమునకు అందునది ఇచటనే.

ఈ భేదము గాయమునందును తెలియును. కేశనాళికల రక్తము ఊరును; సిర రక్తము ముదురుగా, ఎడతెగక కారును; ధమని రక్తము నిగనిగలాడు ఎరుపుతో, గుండె కొట్టుకొనుటకు తగినట్లు ఎగజిమ్మును. ఈ మూడవదానిలో నిమిషములే ప్రాణము. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, నడుమ తీసి చూడక, ఆసుపత్రికి చేర్చవలెను.