పాఠం 14: ఆలోచన నుంచి భారీ ఉత్పత్తి దాకా – చేతిపంపు కథ

14.1 పరిచయం

మీ ఊళ్లో బడి దగ్గరో, రచ్చబండ పక్కనో ఒక చేతిపంపును మీరు చూసే ఉంటారు. మనవైపు చాలామంది దీన్ని 'బోరింగు' అంటారు. హ్యాండిలు కొడితే నీళ్లు వస్తాయి. ఇందులో వింతేముంది అనిపించవచ్చు. కానీ ఒకే రకం పంపు లక్షల సంఖ్యలో తయారై, ఏ ఊరికి వెళ్లినా ఒకే విధంగా పనిచేయడం వెనుక ఎందరో ఇంజనీర్లు, మెకానిక్కుల శ్రమ ఉంది. ఆ పంపు పేరు ఇండియా మార్క్-2. ఒక వస్తువు ఆలోచనగా మొదలై కర్మాగారం నుంచి వేల సంఖ్యలో బయటికి రావాలంటే ఏయే దశలు దాటాలో ఈ పంపు ఆధారంగా తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వస్తువు తయారీలోని ముఖ్య దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• నమూనాకూ భారీ ఉత్పత్తికీ గల తేడాను వివరించగలుగుతారు.
• ప్రమాణాలు, తనిఖీ ఎందుకు అవసరమో తెలుసుకుంటారు.

14.2 మొదటి దశ: సమస్యను గుర్తించడం

1960ల చివరలో దేశంలో అనేక ప్రాంతాలు కరవు బారిన పడ్డాయి. బావులు ఎండిపోయాయి. రాతినేలను తొలిచే యంత్రాలు రావడంతో లోతైన బోరుబావులు తవ్వడం వీలైంది. వాటి మీద పోత ఇనుము పంపులు బిగించారు. అయితే నీళ్ల కష్టం తీరలేదు. 1970ల మధ్యలో సర్వే చేస్తే, కొన్ని ప్రాంతాల్లో నాలుగు పంపులకు మూడు మూలపడి ఉన్నట్లు తేలింది. బావిలో నీరుంది, పంపూ ఉంది. అయినా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మైళ్లు నడవక తప్పలేదు.

కారణం ఏమిటి? ఆ పంపులు విదేశాల్లో ఒక ఇంటి అవసరం కోసం తయారైన నమూనాలకు నకళ్లు. రోజుకు కొన్ని బిందెలు తోడడానికి అవి సరిపోతాయి. మన పల్లెలో ఒక్క పంపు మీద వందలమంది ఆధారపడతారు. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా హ్యాండిలు ఆగదు. కీళ్ల దగ్గరి పిన్నులు అరిగి, పోత ఇనుము పగిలిపోయేది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. "పంపు పాడైంది" అన్నది ఫిర్యాదు మాత్రమే. "ఒక ఇంటి పంపును ఊరంతా వాడుతున్నారు" అన్నది కారణం. కారణం తెలిసినప్పుడే ఇంజనీరు పని మొదలవుతుంది.

14.3 రెండవ దశ: రూపకల్పన

కొత్త పంపును ఎవరూ శూన్యం నుంచి సృష్టించలేదు. మహారాష్ట్రలోని జాల్నా, సోలాపూర్‌లలో నీటి పనులు చేసేవారు అప్పటికే ఉక్కుతో గట్టి పంపులు తయారుచేసి వాడుతున్నారు. ముఖ్యంగా సోలాపూర్ పంపు సంవత్సరాల తరబడి నిలిచింది. ఇంజనీర్లు దాన్నే ఆధారంగా తీసుకున్నారు. ముఖ్యమైన అంశాలు ఇవి:

(అ) పోత ఇనుముకు బదులు, పంపు పై భాగాన్ని ఉక్కుతో, వెల్డింగు చేసి తయారుచేయడం.

(ఆ) హ్యాండిలుకు ఒకే ఇరుసు, అందులో బాల్ బేరింగులు. అరిగే కీళ్లు తగ్గాయి.

(ఇ) హ్యాండిలు చివర వంపు తిరిగిన భాగం, దాని మీద గొలుసు. గొలుసుకు వేలాడే కడ్డీ పక్కకు ఊగకుండా నిలువుగా పైకీ కిందికీ కదులుతుంది.

(ఈ) పంపు కాళ్లను కాంక్రీటు గద్దెలో పాతడం. దీనివల్ల పంపు కదలదు. మురికినీరు బోరులోకి దిగదు.

ప్రతి రూపకల్పనకూ ఒక హద్దు ఉంటుంది. గొలుసు లాగగలదు కాని నెట్టలేదు. కాబట్టి కడ్డీ తన బరువుతోనే కిందికి దిగాలి. లోతైన బావిలో కడ్డీలు పొడవుగా, బరువుగా ఉంటాయి గనుక ఇబ్బంది లేదు. లోతు తక్కువైతే ఆ బరువు చాలదు. ఏ వస్తువైనా అన్ని చోట్లకూ సరిపోదని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. పాత పంపులు త్వరగా పాడవడానికి అసలు కారణం ఏమిటి?
2. గొలుసు వల్ల కలిగే లాభం ఒకటి, పరిమితి ఒకటి రాయండి.

14.4 మూడవ దశ: నమూనా, పరీక్ష

కాగితం మీది బొమ్మ నీళ్లు తోడదు. అందుకే ముందుగా కొన్ని నమూనాలు తయారుచేస్తారు. ఈ పంపు అభివృద్ధిలో యునిసెఫ్, ప్రభుత్వ సంస్థలతో పాటు మద్రాసులోని ప్రభుత్వరంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రడ్డాస్ పాలుపంచుకుంది. నమూనా పంపులను 1970ల మధ్యలో తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో బిగించి పరీక్షించారు.

ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారు? అక్కడ నీరు చాలా లోతున ఉంటుంది, వాడకం ఎక్కువ. కష్టమైన చోట నిలిచిన పంపు తేలికైన చోట తప్పక నిలుస్తుంది. పరీక్ష ఉద్దేశం వస్తువును మెప్పించడం కాదు, దాని లోపాన్ని ముందే బయటపెట్టడం. ఒక నమూనాలో కనిపించిన లోపాన్ని దిద్దడం సులువు. అదే లోపం పదివేల పంపుల్లో బయటపడితే పదివేల ఊళ్లకు తిరగాలి.

14.5 నాలుగవ దశ: భారీ ఉత్పత్తి

నేర్పుగల పనివాడు ఒక పంపును చక్కగా చేయగలడు. భాగాలను ఆకురాయితో రుద్ది, ఒకదానికొకటి సరిపోయేలా చూసుకుంటాడు. కానీ ఆ పంపు భాగం మరో పంపుకు సరిపోకపోవచ్చు. భారీ ఉత్పత్తిలో ఇది కుదరదు. ఏ భాగమైనా ఏ పంపుకైనా సరిపోవాలి.

ఇందుకు జిగ్గులు, ఫిక్చర్లు వాడతారు. రంధ్రం ఎక్కడ పడాలో జిగ్గు చూపుతుంది. వెల్డింగు చేసేటప్పుడు పలకలు జరగకుండా ఫిక్చరు పట్టి ఉంచుతుంది. గేజీలతో కొలత సరిచూస్తారు. కొలతలో ఎంత తేడాను అనుమతించవచ్చో ముందే నిర్ణయిస్తారు. 1970ల చివరలో ఉత్పత్తి మొదలైంది.

14.6 ఐదవ దశ: ప్రమాణం, తనిఖీ

ఒక్క కర్మాగారం దేశమంతటికీ పంపులు అందించలేదు. ఎన్నో కర్మాగారాలు తయారుచేయాలి; అయినా పంపు ఒకటే కావాలి. అందుకోసం 1979లో ఐఎస్ 9301 అనే భారతీయ ప్రమాణాన్ని ప్రచురించారు. లోహం రకం, కొలతలు, పరీక్షలు అందులో నిర్ణయించారు. స్వతంత్ర తనిఖీదారులు పంపులను పరీక్షించే ఏర్పాటు కూడా చేశారు. తయారుచేసినవారే తమ పనికి తామే మార్కులు వేసుకోవడం సరికాదు కదా!

14.7 ఆరవ దశ: వాడుక నేర్పిన పాఠం

ఉత్పత్తి మొదలైతే పని ముగిసినట్లు కాదు. మార్క్-2లో అడుగున సిలిండరులోని వాషరు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి పనిముట్లు, వాహనం, మనుషులు కావాలి. వాషరు చిన్నదే, కాని దాన్ని మార్చే బృందం వచ్చేదాకా ఊరు దాహంతో ఎదురుచూడాలి. అందుకే 1980లలో మార్క్-3ను అభివృద్ధి చేశారు. ఇందులో గొట్టాలను కదపకుండానే కడ్డీతో పాటు పిస్టన్‌ను బయటికి తీయవచ్చు. అయితే వెడల్పు గొట్టాల వల్ల ఖర్చు పెరుగుతుంది. తోలు వాషర్ల స్థానంలో ఎక్కువకాలం మన్నే నైట్రైల్ రబ్బరు వాషర్లు వచ్చాయి. బాగుచేయడం ఎంత సులువో కూడా రూపకల్పనలో భాగమేనని ఈ అనుభవం తెలిపింది.

చేసి చూడండి

రాత్రంతా వాడని చేతిపంపును ఉదయం కొట్టండి. ఎన్ని దెబ్బలకు నీరు వచ్చిందో లెక్కించండి. కాసేపయ్యాక మళ్లీ లెక్కించండి. ఉదయం చాలా ఎక్కువ దెబ్బలు పడితే, రాత్రి గొట్టంలోని నీరు కిందికి జారిందన్నమాట. అడుగు వాల్వు గాని, గొట్టం అతుకు గాని కారుతూ ఉండవచ్చు. పంపు పూర్తిగా ఆగిపోకముందే మెకానిక్కుకు చెప్పండి.

సారాంశం

సమస్యను గుర్తించడం, రూపకల్పన, నమూనా పరీక్ష, భారీ ఉత్పత్తి, ప్రమాణం–తనిఖీ, వాడుకను బట్టి మెరుగుపరచడం – ఇవి వస్తువు తయారీలోని దశలు. చివరి దశ మళ్లీ మొదటి దశకు దారితీస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. నమూనాలను కష్టమైన చోట ఎందుకు పరీక్షిస్తారు?
2. మీరు రోజూ వాడే ఒక పనిముట్టులో తరచు పాడయ్యే భాగం ఏది? దాని కారణాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి.

జవాబులు

1వ భాగం: (1) ఒక ఇంటి కోసం రూపొందించిన పంపును ఊరంతా వాడడం. (2) లాభం: కడ్డీ నిలువుగా కదులుతుంది. పరిమితి: గొలుసు కడ్డీని కిందికి నెట్టలేదు.
2వ భాగం: (1) లోపాలు భారీ ఉత్పత్తికి ముందే బయటపడడానికి. (2) మీ అనుభవం నుంచి రాయండి.