రాయిలోనూ వెంబడికో వేగం, అడ్డానికో వేగం

ప్రశ్న: బోరు పాయింట్ కోసం మా చేనులో సుత్తి కొట్టి పరీక్షించారు. కంపనాలను పట్టే పరికరాల తీగ ఉత్తర దక్షిణాలుగా పరిస్తే ఒక వేగం, తూర్పు పడమరలుగా పరిస్తే ఇంకో వేగం వచ్చింది. యంత్రం చెడిందా?
– ఒక రైతు, కోసిగి

జవాబు: యంత్రాన్ని అనేముందు రాయిని చూడాలి. కోసిగి గుట్టలు గ్రానైట్‌వి. సుత్తి దెబ్బకు పుట్టి, రాయిని నొక్కుతూ సాగే పి తరంగం పగుళ్లు లేని గ్రానైట్‌లో సెకనుకు 5–6 కిలోమీటర్లు పోతుంది. పగుళ్లన్నీ ఒకే దిక్కుకు బారుతీరి ఉంటే మాత్రం వాటి వెంబడి వేగంగా, అడ్డంగా నెమ్మదిగా సాగుతుంది. దీన్నే అనైసోట్రపీ అంటారు.

తమాషా ఏమిటంటే, పగుళ్లలో నీరు నిండితే ఈ తేడా తగ్గుతుంది. నీటిని నొక్కడం అంత తేలిక కాదు మరి! పక్కకు ఊగుతూ పోయే ఎస్ తరంగాలకు ఆ నీటి అండ దొరకదు. అవి రెండుగా చీలి, ఒకటి ముందు, ఒకటి వెనక వస్తాయి. పి, ఎస్ తరంగాలు రెండింటినీ పోలిస్తే పగులు పొడిదో తడిదో కొంత ఆచూకీ దొరుకుతుంది.

కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు వెతికేవారికి పొరలుపొరలుగా ఉండే షేల్ రాయితో ఇదే తంటా. పొరల వెంబడి వేగం ఎక్కువ, నిలువుగా తక్కువ. పట్టించుకోకపోతే లోతు లెక్క తప్పుతుంది. ఈ తేడాను కొలిచే సులువైన గుణకాలను లియోన్ థామ్సెన్ 1986లో ప్రతిపాదించారు.

అయితే చేనులో ఒకవైపు మట్టి మందంగా ఉన్నా అంకెలు మారతాయి. అందుకే తీగ రెండు కొసల్లోనూ సుత్తి కొట్టించి చూడాలి.