జీతం తరవాత, ముందు వీసా నంబరు

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి నీ కువైట్ సంగతి చెప్పింది. ఏజెంటు ఆజాద్ వీసా అన్నాడంట, రెండున్నర లక్షలు అడిగినాడంట, ఏసీ పనికి నెలకు 200 దీనార్లు ఖాయమని మాటిచ్చినాడంట. అమ్మ గాజులు కుదవ పెట్టేదానికి కూడా సిద్ధపడింది. ఫోన్లో మాట్లాడితే సగం చెవిన పడదు, పడింది నిలవదు. అందుకే కాగితం మీద పెడతాండా. నిదానంగా చదువు, మీ నాయనకూ చదివి వినిపించు.

పోవద్దని చెప్పేదానికి కాదు ఈ జాబు. పీలేరు, కలికిరి, వాయల్పాడు, కలకడ, అట్లా రాయచోటి దాకా ఏ పల్లెలో చూసినా కువైట్ డబ్బుతో లేచిన మిద్దెలు ఉండాయి. బోర్లు ఎండిపోయి, చెనక్కాయ పంట మీద నమ్మకం పోయినాక మన జనానికి ఆ ఎడారే దిక్కయింది. నేనూ ఆ దారిలోనే పోయినా, మీ అమ్మ పెళ్లి ఆ డబ్బుతోనే చేసినా. నువ్వూ పో. అయితే ఏ కాగితం మీద పోతాండావో తెలుసుకుని పో. జీతమెంతని నువ్వు అడిగినావు, ఏజెంటు చెప్పినాడు. వీసా ఏ నంబరని నువ్వు అడగలేదు, వాడు చెప్పలేదు. నాకు దిగులు పట్టింది ఆ మాట దగ్గరే.

కువైట్లో మనబోటి వాళ్లకు దొరికే వీసాలు ముఖ్యంగా రెండు. 18 నంబరు, మనోళ్లు షూన్ వీసా అంటారు. కంపెనీ మీదో, అంగడి మీదో, వర్క్‌షాపు మీదో వస్తుంది. 20 నంబరు ఖాదిమ్ వీసా. ఇంటి డ్రైవరు, వంటమనిషి, ఇంటిపని చేసేవాళ్లు, పిల్లల్ని చూసుకునేవాళ్లు దాని మీద పోతారు. ఈ రెండింటికీ చట్టాలే వేరు. 18 మీద ఉన్నవాళ్లకు 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఆ పైన చేసిన గంటకు కూలి పావు వంతు ఎక్కువ. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగిసి వచ్చేటప్పుడు సర్వీసు డబ్బు, తొలి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన, ఆ తరవాత ఏడాదికి నెల జీతం లెక్కన. మూడేళ్లు నిండకుండా నీ అంతట నువ్వే మానేస్తే మాత్రం ఆ డబ్బు చేతికి రాదు, గుర్తుపెట్టుకో.

20 మీద ఉన్నవాళ్లకు శానా కాలం అట్లాంటి చట్టమే లేదు. 2015లో 68వ నంబరు చట్టం వచ్చినాకనే పనికి 12 గంటల హద్దు, వారానికో రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదనే మాట కాగితం మీదికొచ్చినాయి. 60 దీనార్లకు జీతం తగ్గకూడదని మరుసటేడు నిర్ణయించినారు. మంచి ఇల్లు దొరికితే ఖాదిమ్ వీసాలో తప్పేమీ లేదు. మన ఆడబిడ్డలు, డ్రైవర్లు వేలమంది దాని మీదనే గౌరవంగా బతికినారు. ఆ వీసా మీద పోయి ఇంకో పని చేయడంలోనే ముప్పుంది.

ఆజాద్ వీసా అనేది కువైట్ చట్టంలో యాడా లేదు అల్లుడా. అదొక బేరం పేరు. కఫీల్, అంటే వీసా తీసే యజమాని, ఒకడు మా ఇంటికి మనిషి కావాలని 20 నంబరు వీసా తీస్తాడు, లేదంటే పేరుకు ఒక కంపెనీ చూపించి 18 తీస్తాడు. దాన్ని దళారికి అమ్ముతాడు, దళారి మన ఊరి ఏజెంటుకు అమ్ముతాడు, వాడు మీ అమ్మకు అమ్ముతాండాడు. నువ్వు ఆడికి పోయినాక నీ పని నువ్వే వెతుక్కోవాల, నీ గది బాడుగ నువ్వే కట్టుకోవాల. అకామా, అంటే ఆడ ఉండేదానికి ఇచ్చే అనుమతి, తిరగరాసే కాలం వచ్చినప్పుడల్లా కఫీల్ ఎంత అడిగితే అంత ఇయ్యాల. ఇవన్నీ పోను, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండున్నర లక్షలకు ఈడ నెలనెలా 5,000 వడ్డీ నడుస్తానే ఉంటుంది.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. నీ అకామా ఒకరి పేరు మీద, నీ చెమట ఇంకొకరి దగ్గర అయితే, జీతం ఎగ్గొట్టినవాడి మీద ఫిర్యాదు చేసే దారే ఉండదు. కార్మిక శాఖ వాళ్ల షూన్ ఆఫీసుకు పోతే నీ కార్డు చూసి, నువ్వు పని చేయాల్సిన చోటు ఇది కాదు కదా అని ముందు నిన్నే పట్టుకుంటారు. కఫీల్‌కు కోపమొచ్చినా, ఇంకో రెండొందల దీనార్లు కావాలనిపించినా, మా మనిషి పారిపోయినాడని ఒక్క ఫిర్యాదు పెడితే చాలు. ఆ రోజు నుంచి నువ్వు ఖల్లివెల్లి, అంటే కాగితం లేని మనిషివి. తఫ్తీష్‌లో, అంటే పోలీసు తనిఖీలో, దొరికితే వేలిముద్రలు వేయించి విమానం ఎక్కిస్తారు, మళ్లా ఆ గడ్డ మీద కాలు పెట్టనీయరు. 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ఇచ్చినప్పుడు మనోళ్లు గుంపులు గుంపులుగా తిరిగొచ్చింది ఎందుకనుకుంటాండావు? వాళ్లలో శానామంది దొంగతనం చేసినవాళ్లు కాదు. కాగితంలో ఒకటి, పనిలో ఒకటి, అంతే వాళ్ల నేరం.

కువైట్లోని జిలీబ్‌లో నా గదిలోనే రాజంపేట పక్క పిల్లోడు ఒకడుండేవాడు. నీలాగే ఏసీ పని. ఒకనాడు మూడో అంతస్తు మీద పని చేస్తా నిచ్చెన జారి పడినాడు, నడుము విరిగింది. పని ఇచ్చినవాడు వీడు నా మనిషి కాదన్నాడు, ఆ మాట కాగితం ప్రకారం నిజమే. కార్డు మీద పేరున్న కఫీల్ నేను వాణ్ని చూసిందే లేదన్నాడు. గదిలో వాళ్లమంతా చందా వేసుకుని టికెట్టు కొని పంపినాము. ఇప్పటికీ వాడు కట్టె పట్టుకునే నడుస్తాడు. పరిహారం ఇవ్వాల్సినవాడు ఎవడో తేల్చేదానికి ఒక్క కాగితమన్నా లేకపోయింది. ఆ పిల్లోడి ముఖం గుర్తొచ్చే నీకు ఇంత పొడుగు జాబు రాస్తాండా.

2024 జులైలో మన దిక్కు మనిషే ఒకాయన ఎడారిలో గొర్రెల దగ్గర చిక్కుకుని, ఏడుస్తా వీడియో పెడితే, మంత్రి నారా లోకేశ్ కలగజేసుకుని వెనక్కి రప్పించినారు. ఆ వీడియో అందరం చూసినాము. వీడియో తీసే ఫోన్ కూడా లేనివాళ్ల సంగతి ఆలోచించు.

20 మీద పోయి, ఆనక 18కి మార్చుకోవచ్చులే అని ఏజెంటు అంటాడు. ఎప్పుడంటే అప్పుడు మార్చనీయరు. 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు తలుపు తెరిచి మళ్లా మూసినారు. 2025 జనవరి 5 నుంచి కొత్త నివాస చట్టం నడుస్తా ఉంది. వీసాలు అమ్ముకునేవాళ్లకు జైలు, వేల దీనార్ల జరిమానా అందులో ఉండాయి. అట్లాంటి రోజుల్లో కొనుక్కున్న వీసాతో దిగడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. 18 మీద పోయినా ఒక కొత్త నిబంధన తెలుసుకో. 2025 జులై 1 నుంచి దేశం దాటాలంటే యజమాని అనుమతి ఆన్‌లైన్లో రావాల. ఈడ ఇంట్లో ఏదన్నా కష్టమొస్తే వెంటనే రావాలన్నా అంతే. కాబట్టి కంపెనీ ఎట్లాంటిదో, అందులో ఇప్పుడు చేస్తాండే మనోళ్లు ఏమంటాండారో కనుక్కున్నాకనే సరే అను.

ఏజెంటు సంగతి. మన 1983 వలస చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మనుషుల్ని బయటి దేశానికి పంపకూడదు. లైసెన్సు ఉన్నవాడు కూడా నీ దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లన్నీ ఉంటాయి, వీడి పేరుందేమో చూడు. నువ్వు పది పాసయినావు కాబట్టి నీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కరలేదు. అది సుఖమే గానీ, చదువు రానివాళ్ల కాంట్రాక్టు సర్కారు వాళ్లు ఒకసారి చూస్తారు, వాళ్లకు పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉంటుంది. నీ కాగితాలు చూసేవాడు నువ్వే. బీమా నీ అంతట నువ్వే చేసుకో. ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ వాళ్ల ప్రవాసాంధ్ర భరోసా ఉంది, దాని సంగతి కనుక్కో. మీ పిన్నమ్మ కూడా ఇంటిపనికి పోవాలంటాందని విన్నా. ఆమెకు చదువు లేదు కాబట్టి 30 ఏళ్లు నిండి ఉండాల, ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాల. ప్రైవేటు ఏజెంటు ఎవడన్నా దుబాయి మీదుగా విజిట్ వీసాతో దాటిస్తానంటే, ఆ మాట అక్కడితో తెంపేయమను.

కాంట్రాక్టులో నువ్వు వెతకాల్సింది రాసిన జీతం. నోటితో 200 చెప్పి, పని అనుమతి కాగితం ఇజ్నె అమల్‌లో 75 రాయించేవాళ్లు ఉండారు. ప్రైవేటు పనికి 75 దీనార్లే కనీస జీతం కాబట్టి దాంతో చట్టం తప్పినట్టూ కాదు. మిగతాది చేతికిస్తాలే అంటారు, ఇస్తారు కూడా, కొన్నాళ్లు. ఓవర్‌టైము, సెలవు జీతం, సర్వీసు డబ్బు లెక్క కట్టేటప్పుడు మాత్రం ఆ 75నే ముందు పెడతారు. అరబ్బీ పక్కన ఇంగ్లీషు ఉన్న కాపీ అడుగు. పాస్‌పోర్టు, కాంట్రాక్టు, సివిల్ ఐడీ ఫోటోలు తీసి నాకొకటి, మీ నాయనకొకటి పంపు. 1990 ఆగస్టులో ఇరాక్ వాడు కువైట్ మీద పడినప్పుడు మనోళ్లు కట్టుగుడ్డలతో అమ్మాన్ చేరి విమానాలెక్కినారు. తరవాత ఐక్యరాజ్య సమితి పరిహారం ఇచ్చింది, తలకు 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా. ఆడ ఉండినట్టు కాగితం చూపించగలిగినవాళ్లకు ఆ డబ్బు అడిగేది సులువైంది.

పన్ను కట్టాలా అని మీ నాయన అడిగినాడంట. కువైట్లో జీతం మీద ఆదాయ పన్ను లేదు. మన దేశంలో, ఆ ఆర్థిక సంవత్సరంలో నువ్వు ఈడ ఎన్ని రోజులున్నావని చూస్తారు. పని కోసం పోయేవాడు 182 రోజుల కంటే తక్కువ ఉంటే ప్రవాసి లెక్క, ఆడి జీతానికి ఈడ పన్ను లేదు. సెప్టెంబరు నడిమికల్లా ఎక్కి, ఆ మార్చి లోపల తిరిగి రాకపోతే నీకు ఆ ఏడే అది వర్తిస్తుంది. ఆలస్యంగా పోతే ఆ ఒక్క సంవత్సరానికి కువైట్ జీతం కూడా లెక్కలో చూపించాల. నీ జీతానికి పన్ను పడకపోవచ్చు, అయినా చూపించు. పోయినాక తిరుపతి బ్యాంకులో నీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించి, జీతం పంపేదానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరువు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఓ వడ్డీలో మాత్రం పన్ను పట్టుకునే ఇస్తారు. నాయనకు నువ్వు పంపే డబ్బు మీద ఆయనకు పన్ను రాదు. ఎక్స్ఛేంజ్ ద్వారానే పంపు. హుండీలో పైసలు రెండు ఎక్కువొస్తాయని గదిలో చెబుతారు, ఆశపడొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు ఇంటికి బ్యాంకు అప్పు అడిగితే నీ సంపాదనకు రుజువే ఉండదు.

పులిచెర్ల దగ్గర మామిడితోట బేరముందని మీ నాయన ఉత్సాహంగా ఉండాడు. ప్రవాసి అయినాక నీ పేరు మీద సాగు భూమి కొనకూడదు, విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చేది వేరు. ఇంటి జాగా, ఇల్లు కొనొచ్చు. తోట కావాలంటే నాయన పేరుతోనే రాయించుకోమను, అన్నదమ్ములకు ఇప్పుడే తెలిసేటట్టు మాట్లాడుకోమను. కువైట్ డబ్బుతో కొన్న నేల మీద అన్నదమ్ములు కోర్టులకెక్కినవి మన ఊళ్లో ఉండాయి, ఆ బాధ నీకొద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతా. ఏజెంటును వీసా కాపీ అడుగు. నంబరు, కఫీల్ పేరు, పని పేరు, జీతం నాలుగూ కనపడాల. నాకు వాట్సాప్‌లో పంపు, అరబ్బీ నేను చదువుతా. కంపెనీ పేరుతో 18 వచ్చి, ఏసీ మెకానిక్ అని రాసుంటే, చట్టం ఒప్పుకునే ఖర్చు అంతా నేను సర్దుతా, వడ్డీ మాట లేదు. కాపీ చూపించేదానికి వాడు వెనకాడితే ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వొద్దు, పాస్‌పోర్టు వాడి దగ్గరుంటే ఈ రోజే వెనక్కి తీసుకో. గాజులు బీరువాలోనే ఉండనీయమని అమ్మకు చెప్పు. ఈ లోపల తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పోలీసు క్లియరెన్సుకు అపాయింట్‌మెంటు పెట్టుకో. ఏ కంపెనీ మీద పోయినా ఆ కాగితం కావాల్సిందే.

ఇట్లు,
మీ మామ
పీలేరు