దిగులు మందు, నల్ల కణితి

తాడేపల్లి మందుల షాపులో డాక్టరు చీటీ చూపిస్తే 20 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్ క్యాప్సూల్ కొద్ది రూపాయలకే వస్తుంది. దిగులు జబ్బుకు పాత మందు. 2001లో దీని 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ను అమెరికా మార్కెట్లోకి దింపింది హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీసే. ఈ మందు చర్మ క్యాన్సర్ మీద ఏమైనా పనిచేస్తుందా అని తేల్చే ప్రయోగం ఎలుక కణాలతో మొదలవుతుంది.

బీ16 అనేవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు చెందిన ఎలుక కణాలు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోంచి తీసిన బుల్లి సీసాను 37 డిగ్రీల నీళ్లలో ఆడిస్తారు. రెండు నిమిషాలు దాటనివ్వరు. లోపల ఇంకా చిన్న మంచుపలుకు ఉండగానే పైకి తీస్తారు.

కణాలకు ఆహారం గులాబీరంగు పోషకద్రవం. అందులో పదోవంతు దూడ సీరమ్. ఖరీదంతా ఈ సీరమ్‌దే, అరలీటరు పదివేలు దాటుతుంది. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో కణాలు రోజుకోసారి రెట్టింపవుతాయి. ద్రవం పసుపు తిరిగితే ఆలస్యం చేసినట్టే.

పాత్రకు అంటుకున్న కణాలను ట్రిప్సిన్ ఎంజైముతో ఊడదీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. గొట్టం అడుగున కాటుకలాంటి నల్లటి మడ్డి దిగుతుంది. అది మెలనిన్ రంగు. కణాలకు నీలిరంగు కలిపి గళ్ల గాజుపలక మీద లెక్కపెడతారు. నీలం పీల్చుకున్నవి చచ్చినవి.

బతికిన కణాలను లక్షల్లో కొలిచి నల్ల ఎలుకల చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు నాటితే చిన్న బొబ్బ లేస్తుంది. మరీ లోతుకు పోతే ఆ ఎలుక లెక్కకు రాదు.

మందుకు క్యాప్సూళ్లు విప్పరు, శుద్ధమైన పొడి తూస్తారు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాముల ఎలుకకు పడేది 0.2 మిల్లీగ్రాములే. సగం ఎలుకలకు మందు, సగానికి ఉప్పునీరు. కాలిపర్‌తో కొలిచే మనిషికి ఏది ఏ గుంపో చెప్పరు. పొడవును వెడల్పు వర్గంతో గుణించి సగం చేస్తే గడ్డ పరిమాణం.

చివర్లో గడ్డను కోసి, తూచి, లోపలికి చొరబడిన టీ కణాలనే రోగనిరోధక కణాలను వేరుచేస్తారు. మందు అసలు పనితనం ఇక్కడే. ఈ కణాలు తాము విడిచిన సెరోటోనిన్ అనే రసాయనాన్ని తామే ఒక ద్వారం గుండా లోపలికి లాగేసుకుంటాయి. మందు ఆ ద్వారం మూస్తే సెరోటోనిన్ బయటే ఉండి వాటిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో లిలీ యాంగ్ బృందం 2025లో ‘సెల్’ పత్రికలో ప్రకటించిన ఫలితం ఇదే: కణితుల పరిమాణం సగటున సగానికి పైగా తగ్గింది.

మన దగ్గర మెలనోమా తరచుగా అరికాలిలో కనిపిస్తుంది. సూదితో నాటిన ఎలుక గడ్డ అలాంటిది కాదు. అందుకే ఇప్పటికే ఇలాంటి దిగులు మందులు వాడుతున్న క్యాన్సర్ రోగుల రికార్డులు తిరగేయడం తర్వాతి మెట్టు.